ఆరు జానల ఒత్తి

పది గంటల పది నిమిషాలకు మా వదిన సంగటి గంపతో బావి దగ్గరికి వచ్చింది. ఆ ఆదివారం మా హెడ్మాస్టరు గడియారం నా చేతిలో ఉంది కాబట్టి ఇంత కచ్చితంగా చెప్పగలుగుతున్నాను. అన్న పని కోసమే దాన్ని అడిగి తెచ్చాను.

యుద్ధం నడుస్తున్న రోజులు. బంగారుపాళ్యం దగ్గర మా చేనిలో తవ్వుతున్న బావికి నలభై అడుగుల లోతున బండ తగిలింది. అన్న తూటాలు పెట్టి దాన్ని పేలుస్తున్నాడు. తూటాకు నిప్పు అందించడానికి ఎప్పుడూ వాడే ఒత్తి దొరకక, ఈసారి చిత్తూరు నుంచి వేరే రకం తెచ్చాడు. అది ఎంత వేగంగా కాలుతుందో మాకు తెలియదు. ఒత్తికి నిప్పు ఆనించింది మొదలు, నిచ్చెన ఎక్కి రాతిగుండు చాటుకు చేరడానికి అన్నకు నూట ఇరవై సెకన్లు పట్టేది. ఇంకో ముప్పై అదనంగా ఉండాలనుకున్నాం. మొత్తం నూట యాభై.

నేను బడిలో లెక్కలు చెప్పేవాణ్ణి. జానెడు ముక్క కోసి, బీడీ నిప్పు ఆనించి, గడియారం చూశాను. ఇరవై ఆరు సెకన్లకు కాలిపోయింది. త్రైరాశికం వేశాను. జానకు ఇరవై ఆరైతే ఆరు జానలకు నూట యాభై ఆరు. "ఆరు చాలు" అన్నాను. అన్న ఆరు జానలు కోసుకుని దిగాడు.

"నీ లెక్కను నమ్మి దిగినాడా?" అంది వదిన, సంగతి విని గంప దించుతూ. "మొన్న మేకల్ని లెక్కబెట్టమంటే పక్కింటి కుక్కను గూడా కలిపితివి గదబ్బా!"

రెండు జానల ముక్క ఒకటి మిగిలి ఉంది. ఆమెకు చూపించాలనే దాన్ని కాల్చాను. యాభై రెండు రావాలి. నలభై ఒకటికే అయిపోయింది.

గడియారం చెవికి ఆనించుకున్నాను. నడుస్తూనే ఉంది. ఇసుకలో రెండు చుక్కలు పెట్టాను. ఒక జానకు ఇరవై ఆరు, రెండు జానలకు నలభై ఒకటి. రెంటినీ కలిపి గీత గీసి వెనక్కి పొడిగిస్తే అది సున్నా దగ్గరికి పోలేదు. పదకొండు దగ్గర ఆగింది. కోసిన చివర అంటుకోవడానికి పట్టే సమయం ఆ పదకొండు. ముక్క ఎంత పొడవున్నా అది ఒక్కసారే పడుతుంది. ఆ తర్వాత జానకు పదిహేనే. ఆరు జానలకు తొంభై, పదకొండు కలిపితే నూట ఒకటి. అన్నకు నూట ఇరవై కావాలి.

అన్న కింద ఉన్నప్పుడు ఎవరూ గట్టు దగ్గరికి పోకూడదు. పరుగెత్తాను.

"అన్నా, నిప్పు పెట్టొద్దు!"

కింద అన్న చేతిలో ఇంకా తూటా పెట్టిన రంధ్రం మూసే బంకమన్ను ముద్ద ఉంది. బీడీ మాత్రం వెలిగించుకున్నాడు.

"ఏమి అయ్యవారూ, యాడ తప్పింది?"

"ఒత్తి చాలదు. పైకి రా."

వచ్చి ఇసుకలో గీత చూశాడు. అన్న బడికి పోలేదు. నూట యాభైలో పదకొండు తీసేసి, మిగిలినదాన్ని పదిహేనుతో భాగించి, తొమ్మిది జానలకు కాస్త పైన కావాలని చెప్పాను.

"ఆ పదకొండు యాడిది?"

"అంటుకునేదానికి."

"గబుక్కున అంటుకుంటే?"

గీత ఆగిన చోటును అన్న వేలితో చూపించాడు.

"దాన్ని నమ్మొద్దు. కొట్టెయ్."

కొట్టేశాను. పదిహేను చొప్పున ఎన్ని జానలైతే నూట యాభై? పది. అన్న పది జానలు కోసుకుని మళ్లీ దిగాడు.

చాలాసేపటికి "పెడతా ఉండా!" అని కేక వినిపించింది. గుండు చాటున నిలబడి గట్టిగా లెక్క మొదలుపెట్టాను. కిందివాడికి వినబడేలా పైనుంచి ఒకరు లెక్కపెట్టడం మా వైపు బావులు తవ్వేవాళ్ల పద్ధతి. తొంభై. వంద. నూట ఒకటి అన్నప్పుడు అన్న తలగుడ్డ ఇంకా గట్టు పైకి రాలేదు. లెక్క ఆపేశాను.

వదిన నా వీపు మీద చరిచింది. "ఆపొద్దు. లెక్కబెట్టు."

నూట ఎనిమిదికి తలగుడ్డ కనిపించింది. నూట పద్దెనిమిదికి అన్న వచ్చి నా పక్కన కూలబడ్డాడు. నూట అరవైకి బండ పేలింది.

చేతులు కడుక్కుని సంగటి ముందు కూర్చున్నాక అన్న, "మేకల లెక్క మాత్రం వీడికి చెప్పొద్దు" అన్నాడు. వదిన నవ్వింది.

అన్న పోయి నెల దాటింది. ముసలితనంలో, తన మంచం మీదే పోయాడు. నూట ఒకటి అన్నప్పుడు తాను నిచ్చెన మీద ఎక్కడున్నాడో అన్న చెప్పలేదు, నేను అడగలేదు. ఇప్పుడు కరెంటు తీగ పరిచి, దూరం నుంచి మీట నొక్కి పేలుస్తున్నారు. బావి దగ్గర నిలబడి ఎవరూ గట్టిగా లెక్కపెట్టడం లేదు.