మోదుగాకు మీద చీటీ

పోయిన నెల వికారాబాదులో నా పాత విద్యార్థులు కొందరు కలిసి నాకు శాలువా కప్పారు. వాళ్లలో తల నెరిసిన ఒకాయన మైకు పట్టుకుని, మా సారు సొంత నాయనమ్మకు అక్షరాలు నేర్పిన మనిషి, ఆమె రాసిన చీటీలను వారం వారం రైల్లో మోసుకుపోయి తాండూరులో ఉన్న ఆమె కూతురికి అందించిన మనిషి అని చెప్పాడు. అందరూ చప్పట్లు కొట్టారు. నేను చేతులు జోడించాను. ఇంటికి వచ్చి ఆ శాలువాను మంచం మీదికి విసిరికొట్టాను. ఎవరైనా ఏమైనా అన్నారా అని ఇంట్లోవాళ్లు అడిగారు. ఎవరూ ఏమీ అనలేదు, నా మీద నాకున్న కోపమే అది. ఆ కథను ఆ పిల్లలకు చెప్పింది నేనే. ఎప్పుడో తరగతి గదిలో, చదువు విలువ తెలియాలనే సాకుతో, నన్ను నేను పెద్దచేసుకుని చెప్పాను. అందులో రెండు అబద్ధాలున్నాయి. ఎనభై దాటాక ఇంకా వాటిని మోసే ఓపిక నాకు లేదు గనుక, నా ఈడువాళ్లు నలుగురు చదువుతారు గనుక, ఇక్కడ దించుతున్నాను.

మొదటి అబద్ధం, అక్షరాలు నేను నేర్పానన్నది. పోలీసు యాక్షను జరిగి నిజాం రాజ్యం పోయేనాటికి నాకు పదేళ్లు. అంతవరకు బడిలో మేము చదివింది ఉర్దూ, ఇంట్లో మాట్లాడింది తెలుగు. ఆ తరువాత కొంతకాలానికి బడిలోకి తెలుగు పుస్తకాలు వచ్చాయి, నాకు వాటిని చూస్తేనే చిరాకు వేసేది. నేను మూలకు విసిరేసిన ఆ పుస్తకాన్ని తీసి చదువుకున్నది మా చిన్నత్త. నాకంటే అయిదేళ్లు పెద్దది, బడి గడప తొక్కనిది. తనకు వచ్చిన అక్షరాన్ని వచ్చినట్టు వాళ్ల అమ్మకు, అంటే మా నాయనమ్మకు నేర్పింది. నాయనమ్మకు పలక లేదు, జొన్నపిండి ఉంది. రొట్టెల పీట మీద పొడిపిండి చల్లి, వేలితో ఒక అక్షరం రాసి, అది కుదిరిందో లేదో చిన్నత్త మొహం చూసి తెలుసుకుని, ఆ అక్షరం మీదనే ముద్ద పెట్టి రొట్టె తట్టేది. ఆ పూట మేము తిన్న రొట్టెకు ఏ అక్షరం అంటిందో చెప్పి తనలో తనే నవ్వుకునేది. అది చూసి నేను విసుక్కునేవాణ్ణి. నేను నేర్పింది ఏమైనా ఉంటే అది ఆ విసుగే.

ఆమె పెద్ద సంతోషాలు కోరిన మనిషి కాదు. పుంటికూర, అదే గోంగూర, పప్పులో కారం ఎక్కువై తాత కళ్లనీళ్లు పెట్టుకుంటూ తిని ఇంకొంచెం వేయమంటే సంతోషం, మిగిలిన రొట్టెలో బెల్లం కలిపి మలీద చేస్తే పిల్లలం కొట్టుకు చస్తే సంతోషం. రాయడం వచ్చాక వీటన్నిటికీ రెండోసారి సంతోషపడే వీలు చిక్కింది. కిరాణం పొట్లాలు విప్పి ఆ కాగితాలను చదునుచేసి దాచుకునేది. ఎక్కువగా పాత ఉర్దూ పత్రికల ముక్కలు. ఆ అచ్చు పక్కన మిగిలిన ఖాళీలో, పెన్సిలు ముక్కతో, నాలుగు వరుసలు రాసుకునేది.

చిన్నత్తకు తాండూరులో కందుల వ్యాపారం చేసే ఇంటికి పెళ్లయింది. ఆ ఇంట్లో కార్డు వచ్చినా కవరు వచ్చినా మామగారే విప్పి, నట్టింట్లో కూర్చుని అందరికీ వినబడేలా చదివేవాడు. కోడలికి వాళ్ల అమ్మ ఏం రాసిందో కోడలి కన్నా ముందు ఇంటిల్లిపాదికీ తెలిసేది. అందుకని తల్లీకూతుళ్లు వేరే దారి కనిపెట్టుకున్నారు. మా వైపు ఆడపిల్ల ఇంటికి వండినది పంపిన గిన్నె ఉత్తదిగా తిరిగి రాకూడదు, అక్కడినుంచి కూడా ఏదో ఒకటి వేసి పంపాలి. ఈ ఆచారాన్ని వాళ్లు తపాలా చేసుకున్నారు. నాయనమ్మ వండినది ఇత్తడి గిన్నెలో పెట్టి, మీద మోదుగాకు కప్పి, ఆకు మీద చీటీ పెట్టి, మూతపెట్టి గుడ్డకట్టేది. చిన్నత్త దాంట్లో తాను చెరిగి, రాళ్లు ఏరిన కందిపప్పు పోసి, ఆ పప్పులో తన చీటీ పూడ్చి పంపేది. ఆడవాళ్లు కట్టిన గుడ్డ విప్పి చూడాలని ఆ ఇంటి మగవాళ్లకు తోచలేదు.

నాకు ఇరవై ఏళ్లకే తాండూరులో బడిపంతులు ఉద్యోగం వచ్చింది. సోమవారం పొద్దున ప్యాసింజరులో పోయి శనివారం వచ్చేవాణ్ణి. గిన్నె నా చేతికి వచ్చింది. రెండో అబద్ధం, ఆ గిన్నెలోని చీటీలను వారం వారం అందించానన్నది. ఒక ఏడాది బుద్ధిగానే మోశాను, అది కూడా చెప్పాలి.

ఆ రైల్లో నాతో మరి ముగ్గురు పంతుళ్లు వచ్చేవాళ్లు. మేమందరం ఉర్దూలో చదివి, తెలుగులో చెప్పడానికి బతుకుతెరువు కోసం కుదిరినవాళ్లం. పై అధికారి వచ్చి మా మాట విని ముక్కు విరిస్తే లోపల చచ్చిపోయేవాళ్లం, అందుకని పుస్తకం మాదిరి మాట్లాడటం మొదలుపెట్టి, మా ఇళ్లలో మాట్లాడే మాట వినబడితే మేమే ముక్కు విరిచేవాళ్లం. ఆ పిరికితనానికి ఇవాళ్టికీ నాకు ఒళ్లు మండుతుంది. ఒక సోమవారం, కొత్తగా ఈనిన బర్రె జున్ను వాసన గుడ్డలోంచి బయటికి వచ్చింది. లెక్కల సారు గిన్నె లాక్కుని మూత తీశాడు. చీటీ దొరికింది. గట్టిగా చదివాడు.

"నల్ల బర్రె ఈనింది బిడ్డా. జున్ను పంపుతున్న. అందరికి పెట్టి గిన్నె నాకకు. నువ్వు తిను ముందుగాల."

ముగ్గురూ పగలబడి నవ్వారు. నేను ఆ చీటీ లాక్కోవచ్చు, అతని చెంప పగలగొట్టవచ్చు. నేను కూడా నవ్వాను. వాళ్ల కంటే గట్టిగా నవ్వాను. జున్ను నలుగురం తిన్నాం. చీటీని ధారూరు దాటాక కిటికీలోంచి వదిలేశాను.

ఆ ఒక్కసారితో ఆగి ఉంటే ఇది రాసేవాణ్ణే కాదు. మరుసటి వారం వాళ్లు అడగకముందే నేనే మూత తీశాను. నాయనమ్మ గొంతు తెచ్చిపెట్టుకుని, ఆమె ఆగే చోట ఆగి, ఆమె సాగదీసే చోట సాగదీసి చదివాను. ముందురోజే గిన్నె విప్పి, రక్తి కట్టాలని, చీటీ బట్టీ కూడా పట్టేవాణ్ణి. అట్లా ఏడు వారాలు. చిన్నత్త ఇంటికి పోవడం తగ్గించాను. ఎదురుపడితే నాయనమ్మకు ఈ మధ్య తీరిక లేదని చెప్పేవాణ్ణి. చిన్నత్తకు అప్పుడు అయిదో నెల, తొలిచూలు. కడుపుతో ఉన్నదానికి పుట్టింటినుంచి ఒక్క గిన్నె రాదేమని అత్తగారు దెప్పుతుందని నాకు తెలుసు. తెలిసే చేశాను. శనివారం గిన్నె ఉత్తదిగా తీసుకుపోరాదు గనుక బజారులో కందిపప్పు కొని పోసుకుపోయేవాణ్ణి. అత్త బాగుందట, రాయడానికి వీలుపడలేదట అని నాయనమ్మకు చెప్పేవాణ్ణి.

ఆ పప్పే నన్ను పట్టించింది. అంతదాకా బజారులో శుభ్రమైన పప్పే దొరికినట్టుంది. ఏడో శనివారం ఆమె దాన్ని చాటలో పోసి చెరుగుతూ ఆగిపోయింది. పొట్టు, మట్టిగడ్డ, నల్లరాయి ఒకటి.

"మీ చిన్నత్త చేతులకేమన్న అయ్యిందారా?"

"ఏం కాలే. మంచిగనే ఉన్నది."

"గట్లనా," అన్నది. మళ్లీ చెరగడంలో పడింది. సోమవారం పొద్దున గిన్నె నా చేతికివ్వకుండా తన ఒళ్లో పెట్టుకుని, నేను గూడ వస్త పద అని ముందు నడిచింది. ఎండ ఎక్కుతుంది, రైల్లో కూర్చోలేవు, ఇంకోసారి పోదువు అని స్టేషను దాకా నసుగుతూనే ఉన్నాను. వినలేదు. మిగతా ఇద్దరు పంతుళ్లు ఆమెను చూసి పెట్టె చివరికి జారుకున్నారు. లెక్కల సారు మాత్రం ధారూరులో ఎక్కేవాడు. కిటికీ దగ్గర కూర్చున్న ముసలమ్మ ఎవరో ఎరగడు. ఎక్కుతూనే అందుకున్నాడు.

"ఏం సార్, ఇయ్యాల మీ ముసల్ది ఏం వండింది, ఏం రాసింది? జల్ది చదువుండ్రి, నవ్వక వారమాయె."

నాయనమ్మ కిటికీలోంచి మొహం తిప్పింది.

"వండింది నేనే, రాసింది నేనే. నన్నడుగు కొడుకా."

అతనికి అర్థం కావడానికి కొంచెంసేపు పట్టింది. "తప్పయిందమ్మా, ఊకెనే పరాచికానికి..."

"తినేటప్పుడు పరాచికమెందుకయితది. మొన్నటి జున్నుల బెల్లం సరిపోయిందా?"

"సరిపోయిందమ్మా."

"సరిపోతది. నా బిడ్డ కడుపుతోటున్నదని జర ఎక్కువేసిన."

ఆమె గుడ్డ విప్పి, మూత తీసి, ఆకు మీది చీటీ నాకు అందించింది. "రోజు చదివినట్లే చదువురా. సారు ఆశపడుతున్నడు."

వద్దన్నాను. చదువుమన్నది. చదివాను.

"బిడ్డా, నీ రాత చూడక ఏడు వారాలాయె. నా మీద కోపమైతే కోపమని రాయి. ఒక్క ముక్క రాయి. నేను నీకు రాసినయన్ని ముట్టినయా? చింతచిగురు వస్తే పంపుత. తింటున్నవా?"

ఎక్కడ ఆగాలో ఎక్కడ సాగదీయాలో నాకు తెలియలేదు, పసిపిల్లవాడు కూడబలుక్కున్నట్టు చదివాను. ఆమె చీటీ తీసుకుని, మడిచి, ఆకు మీద పెట్టి మూతవేసింది. "మంచిగ చదివినవ్," అన్నది. తిట్టలేదు. తిట్టి ఉంటే ఆ తిట్లకు బదులుగా నేనేదో ఒకటి అని, ఏడ్చి, కాళ్లు పట్టుకుని తేలికపడేవాణ్ణి. ఆ వీలు ఆమె నాకు ఇవ్వలేదని ఎన్నో ఏళ్లు ఆమె మీద కూడా కోపంగా ఉన్నాను, చేసిన తప్పు చాలనట్టు.

తాండూరులో దిగి ఆమె ఒక్కతే చిన్నత్త ఇంటికి పోయింది. నేను బడికి పోయి ఒకటో తరగతి పిల్లలకు అక్షరాలు దిద్దించాను.

ఆ మరుసటి సోమవారం నేను గడపలో నిలబడి గిన్నె కోసం చేతులు చాపాను. అది అప్పటికే వెళ్లిపోయింది. మా వీధి చివర గొర్లు కాచుకునే ఇంటి ఆడమనిషి ఒకామె, వారం వారం గొంగళ్లు అమ్ముకోవడానికి అదే రైల్లో తాండూరు పోయేది. గిన్నె ఆమెకు ఇచ్చింది. నేను తీసుకపోత గదా, ఇంక గట్ల చెయ్య అన్నాను. నాయనమ్మ పొయ్యిలో కట్టె ఎగదోస్తూ, ఏ కోపమూ లేకుండా చెప్పింది.

"దానికి చదువు రాదురా. నాకు ఫికర్ లేదు."

పంతులు మనుమణ్ణి కాదని చదువురాని మనిషి చేతికి తన రాత అప్పగించింది, అది సరైన పనే. అప్పటినుంచి ఆ ప్యాసింజరులో నేను ఒక బల్ల మీద, గొంగళ్ల మూట మీద గిన్నె పెట్టుకుని కునుకుతీసే ఆమె ఎదుటి బల్ల మీద. శనివారం అదే గిన్నె, లోపల చెరిగిన పప్పు. చిన్నత్త కాన్పుకు వచ్చింది, ఆడపిల్ల పుట్టింది, ఇల్లంతా సంబరం. నాయనమ్మ నాకు మలీద ఎప్పటిలాగే ముందు పెట్టేది, కాళ్లకు నీళ్లిచ్చేది. ఏదీ మారలేదు, ఒక్కటి తప్ప. ఆమె వంటింట్లో కూర్చుని రాసుకుంటూ తనలో తను నవ్వుకునేటప్పుడు నేను పోతే, కాగితం బోర్లించేది. పందొమ్మిది వందల అరవైల నడుమ ఆమె పోయేదాకా, ఆమె చేతిరాత ఒక్క వరుస కూడా మళ్లీ నా కంటపడలేదు.

ఆమె దినాలయ్యాక చిన్నత్తను అడిగాను, ఒక్క చీటీ చూపించమని. ఆమె దగ్గర ఒక మూట ఉంది. "నువ్వు చదివినయి చాలవారా?" అన్నది. "ఆ ఏడు చీటీలు తెచ్చియ్యి నాకు. అప్పుడు చూస్తం." గాలికి పోయాయని చెప్పాను. అది కూడా అబద్ధమే. నలుగురిని నవ్వించడానికి బట్టీ పట్టిన ఆ ఏడు చీటీలూ నాకు కంఠతా వచ్చు. కూర్చుని రాసి ఇవ్వడానికి ఒక పూట పట్టేది. నాయనమ్మ మాటల్లో, నా అక్షరాలతో, నా తప్పును నేనే రాసి చేతికివ్వడానికి అభిమానం అడ్డొచ్చింది. ఇవాళ రేపు అనుకుంటూ యాభై ఏళ్లు గడిపాను. చిన్నత్త పోయింది.

ఇప్పుడు తాండూరుకు గిన్నె మోసుకుపోయేవాళ్లు లేరు. కూతుళ్లు అమ్మలతో ఫోనులో రోజుకు మూడుసార్లు, తలుపు వేసుకుని మరీ మాట్లాడుకుంటారు, ఏ మామగారూ నట్టింట్లో చదివి వినిపించలేడు. ఇది మంచి మార్పు, మా కాలమే బాగుండేదని అనే నోరు నాకు లేదు. అయితే ఒకరికని రాసినది దారిలో పదిమంది నవ్వుకోవడం మాత్రం పోలేదు. ఎవరో ఎవరికో పంపుకున్న మాటలు నా ఫోనుకు కూడా వస్తుంటాయి, వాటి కింద నవ్వే బొమ్మలు ఉంటాయి. చూసినప్పుడల్లా నాకు కడుపు మండుతుంది. వాళ్ల మీద కాదు.

నిన్న కూర్చుని ఆ ఏడు చీటీలూ రాశాను. మొదటిది జున్ను చీటీ. నువ్వు తిను ముందుగాల అని రాసి చాలాసేపు ఆగాను. రాయడమైతే అయింది, ఇప్పుడు ఇవి ఎవరికి ఇవ్వాలో తెలియదు.