పక్కన కూర్చోవడం నేర్పిన అత్త

పోయిన నెల ఒక పొద్దున జగిత్యాలలో నర్సింగ్ పిల్లలకు పాఠం చెబుతుండగా కోరుట్ల నుంచి బావ ఫోన్ చేశాడు. "అమ్మ పోయింది" అన్నాడు. చాయ్ తాగి గోడకు ఒరిగిందట, మళ్లీ లేవలేదట. మా మేనత్త ఒకరికి పని చెప్పి ఎరగదు. పోయేటప్పుడు కూడా ఎవరినీ పిలవలేదు.

ఆమె కోరుట్లలో నలభై ఏండ్లు బీడీలు చేసింది. బడి మొహం చూడలేదు. నా ఎమ్మెస్సీ నర్సింగ్ డిగ్రీలో సగం మాత్రం ఆమెదే. మాటవరసకు అనడం లేదు, ఎట్లాగో చెబుతాను.

మాది సిరిసిల్ల. నాన్న మరమగ్గాల మీద పనిచేసేవాడు. ఉద్యోగం మాని పై చదువుకు పోతానంటే ఇంట్లో ఒప్పుకున్నారు గానీ, మానసిక రోగుల నర్సింగ్ తీసుకుంటాననేసరికి నాన్న అన్నం ముందు నుంచి లేచాడు. "పిచ్చోళ్లకు నర్సువైతవా? గుండెదో, పిల్లలదో దొర్కలేదా?" అన్నాడు. అప్పుడే గడప తొక్కిన అత్త చెప్పులు విడవకముందే అందుకుంది.

"మన సిరిసిల్లల బతుకు మీద ఇసుగొచ్చి ఎందరు పోలేదు తమ్మీ? గోలీలిచ్చేటోళ్లు మస్తుమంది ఉన్నరు. ఏమైంది బిడ్డా అని అడిగేటోళ్లు ఎవలున్నరు? సదువనియ్యి."

నాన్న మళ్లీ ఆ మాటెత్తలేదు.

థీసిస్‌కు బీడీలు చేసే ఆడవాళ్ల మనోవేదన గురించి తీసుకున్నాను. ప్రశ్నల కాగితాలతో అత్త ఇంట్లో దిగానో లేదో, తెలంగాణ రాష్ట్రం కోసం సమ్మె మొదలై బస్సులు ఆగిపోయాయి. వాడంతా తిరిగి ముప్పై మందిని అడిగాను. నిద్ర పడుతుందా? పడుతుంది. దిగులుగా ఉంటుందా? ఎందుకుంటది, మంచిగనే ఉన్న. ముప్పై కాగితాల్లోనూ అదే. ఫోన్‌లో మా గైడ్ మేడం, "మీ వాడలో అందరూ దేవతలైనా అయ్యుండాలి, నీకు అడగడమైనా రాకపోయుండాలి" అంది. గడువు దగ్గర పడుతోంది. నాకు ఏడుపొచ్చింది.

అత్తకు నవ్వొచ్చింది. "కాయితం పట్టుకొని మొఖం ముంగట కూసుంటే పోలీసోళ్ల లెక్కుంటది కోడలా. పక్కకు కూసో. చేతులకు పనుంటే నోరు అదే ఇప్పుతది" అని బీడీ ఆకు, తంబాకు పొడి ఉన్న చాట నా ఒళ్లో పెట్టింది.

మరునాటి నుంచి ఆమె వెంట దీక్షా శిబిరానికి పోయాను. ఆడవాళ్లు అక్కడ వంతులవారీగా కూర్చునేవారు. కూర్చున్నచోటే చాటలు పెట్టుకుని బీడీలు చేసేవారు. రాష్ట్రమూ రావాలి, పనీ సాగాలి. నేను చుట్టింది చూసి ఒకామె, "నర్సమ్మా, గీ బీడీ తాగినోడు సీదా నీ దవఖానకే వస్తడు" అంది. నాలుగో రోజుకు నేను అడగకుండానే మాటలు మొదలయ్యాయి. మొగుడి తాగుడు, పోయిన కొడుకు, పట్టని నిద్ర. ఎవరివి రాసుకోవచ్చో మాత్రం అడిగి రాసుకునేదాన్ని.

ఒకరోజు శిబిరంలో ఒక అక్క తన కత్తెర పక్కామెకు ఇచ్చి, "నువ్వే ఉంచుకో" అంది. మంచి మనసే అనుకున్నాను. అత్త చెయ్యి ఆగిపోయింది. ఆకు కత్తిరించే కత్తెర ఏండ్లకేండ్లు ఒక్క చేతికే అలవాటు పడుతుంది. కన్న బిడ్డకు కూడా ఇవ్వరు. "గామె వెంబడి పో. ఒక్కదాన్ని ఇడ్సిపెట్టకు" అంది నా చెవిలో.

ఇష్టమైన వస్తువులు ఇచ్చెయ్యడం దేనికి గుర్తో మా పుస్తకంలో ఉంది. నేను దాని కింద గీత కూడా గీసుకున్నాను. కళ్లముందు జరిగితే పోల్చుకోలేకపోయాను. ఆ సిగ్గు ఇప్పటికీ పోలేదు.

ఆమె ఇంటికి పోయి పక్కన కూర్చున్నాను. చాటలో కత్తిరించి ఉన్న ఆకును ఇద్దరం చుట్టాం. తర్వాత, చదువు నేర్పినట్టే సూటిగా అడిగాను. "సచ్చిపోవాల్నని ఉందా అక్కా?" ఆమె తల ఊపి ఏడ్చింది. చెయ్యి వదలకుండా ఆటోలో జగిత్యాల దవఖానకు తీసుకుపోయాను. రాస్తారోకో చేస్తున్నవాళ్లు ఆమె మొహం చూసి ఏమీ అడగకుండానే దారిచ్చారు. మందులు, మాటలు పనిచేయడానికి నెలలు పట్టింది. ఆమె కోలుకుంది.

థీసిస్ పాసయ్యానని చెబితే అత్త, "నా ముచ్చట రాసినవా?" అని అడిగింది. రాయలేదు. పద్ధతి అన్నచోట ఇంగ్లీషులో ఏదో పెద్ద మాట రాశాను. "పోనీ తియ్యి, పాసైనవ్ గద" అని నవ్వేసింది. ఆ తప్పు ఇక్కడ దిద్దుకుంటున్నాను.

అత్త పోయిన పదో రోజు, చుట్టాలంతా వెళ్లిపోయాక ఆమె ఇంటి వెనక వసారాలో కూర్చున్నాను. అప్పటిదాకా నేను ఏడవలేదు. అందరికీ ధైర్యం చెబుతూ తిరిగాను, నర్సును కదా. అప్పుడు కత్తెర ఇచ్చేసిన ఆ అక్క చిక్కుడుకాయల గంపతో వచ్చింది. ఎట్లున్నవని అడగలేదు. సగం కాయలు నా ముందు పోసి, పక్కన కూర్చుని ఈనెలు తీయసాగింది. నేనూ తీశాను. కుప్ప సగమయ్యేసరికి నా నోట మాట వచ్చింది.

"అత్త పోకముందు వారమంత ఆమెకు ఒక్క ఫోన్ చెయ్యలే అక్కా" అన్నాను.

ఆమె తలెత్తకుండా ఇంకో గుప్పెడు కాయలు నా ముందు పోసింది.