చివరి పేజీలు లేని నవల

నేను చదివే నవలల్లో హీరో ఒక్కసారి గొంతు పెంచితే రెండు అధ్యాయాల పాటు కుమిలిపోయేవాడు. మా ఇంట్లో గొంతు పెంచడం పలకరింపు కింద లెక్క. నాన్న అమ్మను కొట్టేవాడు, అమ్మ నన్ను కొట్టేది, కొట్టడానికి ఎవరూ లేక నేను గోడకేసి కంచం కొట్టేదాన్ని. వీధిలో మిగతా ఇళ్లూ అంతే. ఏ ఇంట్లోంచైనా చప్పుడు వినిపిస్తే అమ్మ చెయ్యి ఆపకుండానే, ఇవాళ వాళ్లది ముందు మొదలైంది అనేది.

డెబ్బైల చివర మాట ఇది. భిలాయి సెక్టర్ 7లో మాది రెండు గదుల క్వార్టరు. నాన్న ఉక్కు ప్లాంటులో బొగ్గు కాల్చే కోక్ ఓవెన్ మీద పనిచేసేవాడు. రోజూ ఎనిమిది గంటలు ఆ సెగలో నిలబడి వచ్చే మనిషికి ఇంట్లో కూర చల్లారిందన్న మాట ఎందుకంత కోపం తెప్పించేదో నాకు అప్పుడు అర్థం కాలేదు. ఇప్పుడు అర్థమైంది కానీ క్షమించలేదు.

నవలలు మార్కెట్లో సైకిళ్లు బాగుచేసే దుకాణం పక్కన ఒక ముసలాయన కిరాయికి ఇచ్చేవాడు. అన్నీ హిందీ పాకెట్ పుస్తకాలు. అట్ట మీద కళ్లు పైకెత్తిన అమ్మాయి, వెనక కొండలు. కథ ఎప్పుడూ ఒకటే. మనసు విరిగిన అమ్మాయి కొండల్లో ఊరికి వెళ్లి బడిలో పాఠాలు చెప్పుకుంటుంది, తన విలువ తనకు తెలుస్తుంది, జీవితం ఇంకో అవకాశం ఇస్తుంది. చేతికి తగిలితే జిగురంటేంత తీపి. వీపు మీద చీపురు వాతలతో బోర్లా పడుకుని అవే చదివేదాన్ని. సిగ్గేమీ లేదు చెప్పడానికి, అవి లేకపోతే నేను ఎవర్నో ఒకర్ని చంపి ఉండేదాన్ని.

అప్ప వచ్చిన రోజు నాన్న ఫస్ట్ షిఫ్టుకి వెళ్లాడు. అప్ప అంటే మా అక్క, మా వైపు అలాగే పిలుస్తాం. పెళ్లయి అప్పటికి రెండేళ్లు. బావ భిలాయి పక్కనే జాముల్‌లో ఒక కాంట్రాక్టరు దగ్గర సిమెంటు బస్తాలు లోడింగ్ చేసేవాడు. అప్ప కుడిచెయ్యి చీరచెంగులో చుట్టుకుని, ఆ చెయ్యి వేరేవాళ్లదన్నట్టు ఎడమచేత్తో మోసుకుంటూ గేటు తీసుకుని లోపలికొచ్చింది. మణికట్టు వంకాయలా ఉబ్బిపోయి ఉంది.

"ఏటయిందే?" అంది అమ్మ.

"తలుపు సందులో ఎట్టి మూసేసాడు," అంది అప్ప, పాలు విరిగిపోయాయని చెప్పినట్టు.

ఆసుపత్రిలో కట్టు వేశారు. సాయంత్రం నాన్న వచ్చి చూశాడు. అరుస్తాడనుకున్నాం, అరవలేదు. "ఉంటే ఉండు, ఎల్తే ఎల్లు. నీ ఇష్టం. ఎల్లినాక మల్లీ నా గుమ్మంలో ఏడవకు," అన్నాడు. మా ఇంట్లో ఒక ఆడదాని ఇష్టానికి ఏదైనా వదిలెయ్యడం అదే మొదటిసారి. ఆ ఇష్టం ఏం చేసుకోవాలో అప్పకి తెలియలేదు.

బావ ప్రతి ఆదివారం వచ్చేవాడు. లోపలికి రాకుండా గేటు బయట సైకిల్ పట్టుకుని నిలబడేవాడు. చేతిలో జిలేబీ పొట్లం. ఏడ్చేవాడు కూడా. "అత్తా, ఇంకోపాలి నమ్మమని సెప్పు. మల్లీ సెయ్యెత్తితే ఆ సెయ్యి నరికేసుకుంటాను," అనేవాడు. అప్ప కిటికీ పక్కన నిలబడి వినేది, బయటికి వెళ్లేది కాదు. అతను వెళ్లిపోయాక జిలేబీ మాత్రం తినేది. కట్టు విప్పే రోజులోగా ఏదో ఒకటి తేల్చుకోవాలని ఇంట్లో అందరికీ తెలుసు.

నాన్న సెకండ్ షిఫ్టుకి వెళ్లిన మధ్యాహ్నాలు నేను నవల చదివేదాన్ని, అమ్మా అప్పా వినేవాళ్లు. చదవడం అంటే మామూలు చదవడం కాదు. నాన్నకి క్వార్టరు దొరికేదాకా అప్ప శ్రీకాకుళం దగ్గర మా ఊళ్లో మామ్మ దగ్గర పెరిగింది, తెలుగు కూడబలుక్కుని చదువుతుంది, హిందీ అక్షరం రాదు. నేను ఇక్కడే పుట్టి హిందీ మీడియంలో పడ్డాను, నాకు తెలుగు అక్షరం రాదు. అమ్మకి ఏదీ రాదు. అందుకని పుస్తకంలో హిందీ చూస్తూ నోటితో తెలుగులో చెప్పేదాన్ని. సిమ్లా కొండల్లో డాక్టరుగారు మా ఇంట్లో "ఏటి, బాగున్నావా?" అనేవాడు. ఎవరికీ వింతగా ఉండేది కాదు.

కట్టు విప్పడానికి నాలుగు రోజులున్నాయనగా ఒక నవల తెచ్చాను. అందులో భర్త చెయ్యి చేసుకుంటాడు. ఆ పుస్తకాల్లో అలాంటిది నేనెన్నడూ చూడలేదు. ఆమె ఇల్లు వదిలి కొండల మీద బడిలో చేరుతుంది. మొదట్లో అద్దంలో చూసుకోవడానికి కూడా భయపడుతుంది. పోను పోను పిల్లలు ఆమె చుట్టూ చేరతారు, ఆమె నవ్వుతుంది. మూడేళ్ల తర్వాత వానలో తడుస్తూ భర్త బడి గేటు దగ్గరికి వస్తాడు. ఇంకోసారి నమ్మమంటాడు.

అప్ప పప్పులో రాళ్లు ఏరడం ఆపేసింది. అమ్మ కూడా ఆపేసింది.

నేను పేజీ తిప్పబోతే అక్కడ పేజీ లేదు. అట్ట ఉంది, అంతే. కిరాయి పుస్తకాలకి ఇది మామూలే, ఎవరో చివరి కాయితాలు చింపుకుని పోతారు. పేజీలు లేవని ఒక్క మాట అంటే అయిపోయేది. నాకు పొగరు. చదువుకున్న పిల్లని నేను, ఇద్దరు పెద్దవాళ్లు నా నోరు చూస్తున్నారు. పైగా ఈ నవలలు ఎలా ముగుస్తాయో నాకు తెలియందేముంది?

అట్ట వెనక తెల్లకాయితం చూస్తూ చదివేశాను. ఆమె గేటు తీసింది. అతను కాళ్ల మీద పడ్డాడు. ఆమె లేవనెత్తింది. వాన ఆగింది. ఇద్దరూ కలిసి కొండ దిగిపోయారు.

అమ్మ కళ్లు తుడుచుకుంది. అప్ప మాత్రం నన్నే చూస్తోంది.

"మరి మల్లీ కొట్నేదా?"

"నేదు."

"ఎప్పుడూనా?"

"ఎప్పుడూ," అన్నాను. ఆ మాట ఎంత గట్టిగా అన్నానంటే నాకే నమ్మకం కలిగింది.

ఆదివారం అప్ప సైకిల్ వెనక కేరియర్ మీద కూర్చుని జాముల్ వెళ్లిపోయింది. కట్టు విప్పిన చెయ్యి సన్నగా, తెల్లగా ఉంది. ఆ చేత్తోనే జిలేబీ పొట్లం పట్టుకుంది.

రెండు నెలలు కబురు లేదు. కబురు లేకపోవడం మంచిదే అనుకున్నాం. ఒకరోజు క్లాసులో ఒకమ్మాయి డెస్కు కింద పెట్టుకుని అదే నవల చదువుతోంది. వెనక పేజీలు ఉన్నాయి. లాక్కున్నాను. ఇవ్వనంటే జుట్టు పట్టుకుని మరీ లాక్కున్నాను. టీచరు బెత్తంతో రెండు చేతుల మీదా వాయించింది. వాచిన చేతులతో బాత్రూం వెనక నిలబడి చదివాను.

ఆమె గేటు తియ్యలేదు. గేటు లోపలి నుంచే, నీ మీద కోపం లేదు, నీతో రాను అంది. ఇన్నాళ్లూ నాకు నేను ఏమీ కాననుకున్నాను, ఇప్పుడు కాస్త అయ్యాను, అది నీ చేతిలో పెట్టలేను అంది. బడిగంట కొట్టారు. ఆమె క్లాసుకి వెళ్లిపోయింది.

పుస్తకం లంగా దోపులో దోపుకుని, ఇంటికెళ్లి నాన్న సైకిల్ తీశాను. నాన్న పడుకుని ఉన్నాడు, అడగలేదు. జాముల్ దాకా తొక్కుతూనే ఉన్నాను. నాకు భయం కంటే కోపమే ఎక్కువ, అదీ నా మీద.

జాముల్లో సిమెంటు దుమ్ముకి ఆకులు కూడా బూడిద రంగులో ఉంటాయి. వాళ్లది వరస గదుల్లో చివరిది. వీధిలోకి తిరగ్గానే చప్పుడు వినబడింది. పుట్టినప్పటి నుంచీ విన్న చప్పుడే, పోల్చుకోవడానికి కష్టం లేదు. పక్కగది ఆవిడ గుమ్మంలో కూర్చుని బియ్యం చెరుగుతోంది. నన్ను చూసి, "రోజూ ఇంతే బేటీ," అంది.

తలుపు తోశాను. అప్ప గోడవారగా ముడుచుకుని కూర్చుని ఉంది. బావ బెల్టు మడిచి పట్టుకుని కొడుతున్నాడు, బస్తాలు దించేవాడు కదా, తొందరేమీ లేకుండా, ఒక పద్ధతిలో. అప్ప ఏడవడం లేదు. కుడిచెయ్యి ఒళ్లో దాచుకుని ఎడమచెయ్యి అడ్డం పెడుతోంది. ఆ కుడి మణికట్టు మళ్లీ వంకాయలా ఉంది.

అరికాలి మంట నెత్తికెక్కింది. సైకిల్‌కి ఉన్న గాలిపంపు లాగి వచ్చి చెవి మీద కొట్టాను. అతను తిరిగేలోగా మోకాలి మీద ఇంకోటి వేశాను. మూడోది తగల్లేదు. నా జడ చేతికి చుట్టుకుని తలుపు చెక్కకేసి మొహం కొట్టాడు. నోట్లో ఏదో విరిగింది. నోరంతా వేడిగా, ఉప్పగా అయింది. "మరదలు గుంటవి, నా మీద పంపెత్తుతావా," అంటూ మళ్లీ కొట్టాడు.

అప్పుడు అప్ప లేచింది. రెండేళ్లు దెబ్బలు తిని ఒక్కసారి కూడా చెయ్యెత్తని మనిషి ఎడమచేత్తో కూర్చునే పీట ఎత్తి అతని వీపు మీద వేసింది. అతను నన్ను వదిలేశాడు. మళ్లీ వేసింది. భుజం మీద, చేతుల మీద, పడిపోయాక తొడల మీద. ఒక్కో దెబ్బకీ ఒక్కో మాట అంది. "నా సెల్లి. మీద. సెయ్యేస్తావా." ఆ తర్వాత మాటలు కూడా లేవు, పీట ఒక్కటే లేస్తోంది, దిగుతోంది. అతను చేతులు తల మీద పెట్టుకుని వద్దు వద్దంటున్నాడు. పీట ఇంక అతని నెత్తి మీదికి లేచేసరికి నేను నడుం పట్టుకుని వెనక్కి లాగాను. నాకు భయం వేసింది. నిజం చెప్పాలంటే సంతోషం కూడా వేసింది.

పక్కగది ఆవిడ చేట కింద పెట్టి వచ్చి చూసింది. పడి ఉన్న మనిషిని చూసి, అప్పని చూసి, తన గ్లాసుతో నీళ్లు తెచ్చి అప్పకిచ్చింది.

తిరుగుదారిలో అప్ప కేరియర్ మీద ఎక్కలేదు. నడుస్తానంది. నేను సైకిల్ నడిపిస్తూ పక్కన నడిచాను. సగం దారిలో ఒక కల్వర్టు గోడ మీద కూర్చున్నాం. నా నోట్లోంచి నెత్తురు ఆగడం లేదు, ముందుపన్ను సగమే ఉంది. ఆ సగం పన్నుతోనే చెప్పేశాను.

"అప్పా, ఆ కథ సివర నాను కల్పించినాను. పేజీలు నేవు."

అప్ప తల ఊపింది. "తెలుసు."

"ఏటి తెలుసు?"

"నాను నీ సేతులు సూస్తన్నాను. అట్ట పట్టుకుని సదివినావు. అంత కత సెప్పినావు, ఒక్క కాయితం తిప్పనేదు."

నాకు ఒళ్లు మండిపోయింది. "తెలిసి మరెందుకెల్లినావు?"

రోడ్డు మీద సిమెంటు ట్రక్కు ఒకటి వెళ్లింది.

"నాకూ అదే కావాలే సెల్లీ. నాకు నాను సెప్పుకుంటే నమ్మబుద్ధి కానేదు. నువ్వు సెప్తే, పుస్తకంలో నేకపోయినా ఉన్నట్టే అనిపించింది."

నేను ఏడ్చాను. పన్ను విరిగినప్పుడు ఏడవలేదు, అప్పుడు ఏడ్చాను. ఆమె నన్ను ఊరుకోబెట్టలేదు. నేను ఏడవడం అయ్యేదాకా కూర్చుంది.

"అసలు ఏటుంది సివర?" అంది తర్వాత.

లంగా దోపులోంచి పుస్తకం తీశాను. చదువుతుంటే నోట్లోంచి చుక్కలు పేజీ మీద పడుతున్నాయి. గేటు దగ్గర ఆమె అన్న మాటలు నా చేతనైన తెలుగులో చెప్పాను. అప్ప ప్రతి కాయితమూ నేను తిప్పడం చూసింది. బడిగంట దగ్గర ఆపాను.

"ఇంకా ఉందా?"

"నేదు. ఇదే సివర."

తనే ఎడమచేత్తో ఆ చివరి కాయితం తిప్పి చూసింది. అట్ట వచ్చింది. అట్ట కూడా తడిమింది. "ఇంకోపాలి సదువు," అంది. మళ్లీ చదివాను.

నాన్న గుమ్మంలోంచి పక్కకి జరిగాడు. నా మొహం చూసి, అప్ప చెయ్యి చూసి, షిఫ్టుకి ముందే వెళ్లిపోయాడు. అప్ప తర్వాత ఒక బడిలో ఆయాగా చేరింది, ఎనభైల్లో నా పెళ్లయ్యేదాకా ఆ ఉద్యోగంతోనే మాతో ఉంది, నాకు తెలుగు అక్షరాలు నేర్పింది. ఇది రాస్తున్నది ఆ అక్షరాలతోనే. బావ రెండు మూడు ఆదివారాలు గేటు దగ్గరికి వచ్చాడు. అప్ప వాకిట్లోకి వెళ్లి, లోపలి నుంచి గడియ వేసి ఉన్న గేటు మీద చెయ్యి పెట్టుకుని, అతనితో ఏదో నెమ్మదిగా చెప్పి వచ్చేసేది. ఏం చెప్పావని మేం అడగలేదు. నాకు తెలుసు, నేను రెండుసార్లు చదివి వినిపించిన మాటలే.

ఆ మణికట్టు రెండోసారి సరిగ్గా అతుక్కోలేదు. గరిటె పట్టుకుంటే పక్కకి వాలిపోతుంది. తెలిసే వెళ్లానని ఆమె ఎన్నిసార్లు అన్నా ఆ వంకర నేను చేసినదే. ఇప్పటికీ కలిసినప్పుడు ఏదో ఒక తీపి నవల చదివి వినిపించమంటుంది. వింటుంది, నవ్వుతుంది, మధ్యలో కునుకు తీస్తుంది. చివరికి వచ్చేసరికి మాత్రం కళ్లు తెరిచి ఆ వంకర చెయ్యి చాపుతుంది. నేను పుస్తకం అందులో పెడతాను, కాయితాలు అయిపోయాయో లేదో తనే చూసుకుంటుంది.