మంచులో ఊగని లైటు

చావు అంచుదాకా వెళ్లి, దాని కళ్లలోకి సూటిగా చూసి, వెనక్కి నడిచొచ్చిన ఒక వీరుడి గాథ ఇది. పంచభూతాలూ ఏకమై అతని మీదికి... క్షమించాలి, అంత లేదు. ఇందులో ఉన్నది ఒక లైటు, ఒక ఎడమ చెవి, ఒక నిమ్మకాయ. తలతిరుగుడుతో భయపడుతున్నవాళ్లకు పనికొస్తుందని రాస్తున్నాను.

మాది గిరిసోల. బరంపురంలో ఒక మాల్ పై అంతస్తులో ఉన్న ఐస్ రింకులో నేను ఎలక్ట్రీషియన్‌ని. బయట చెమటలు కక్కే ఊరు. లోపల పిల్లలు టికెట్ కొనుక్కుని మరీ మంచు మీద జారిపడుతుంటారు. వాళ్ల తలల మీద, చాలా ఎత్తున, కప్పు దూలాలకి బరువైన లైట్లు వేలాడతాయి. వాటిని తుడవడం, మార్చడం నా పని. మంచు మీద నిచ్చెన వేస్తే నిచ్చెనా మనమూ కలిసి స్కేటింగ్ చేస్తాం. అందుకని ముందు రబ్బరు మ్యాట్లు పరిచి, వాటి మీద ప్లైవుడ్ వేసి, దాని మీద చక్రాల ఇనప టవర్ నిలబెట్టి, బ్రేకులు వేసి, నాలుగు వైపులా దాని కాళ్లు చాపుతాం. కరెంటు ఆపి, సేఫ్టీ బెల్టు టవర్‌కి తగిలించుకుని ఎక్కాలి. కింద ఒక మనిషి ఉండాలి. ఆ మనిషి సింహాచలం మావ. రామయ్యపట్నం ఆయన, ఒకప్పుడు పడవ మీద వేటకి వెళ్లేవాడు. నాకు చుట్టమేమీ కాదు. కాని ‘అల్లుడూ’ అన్నాడంటే వేళాకోళం మొదలైనట్టే.

ఆ ఉదయం రింకు ఇంకా తెరవలేదు. మంచు మీద కొత్తగా నీటిపొర పోశాం. అది గడ్డకట్టేటప్పుడు అద్దంలా ఉంటుంది. నడిమి లైటు ఒక్కటే వెలుగుతోంది. మంచు మీద చల్లటి పొగ పాకుతోంది. తల ఎత్తి చూశాను. లైటు ఊగుతోంది.

గాలి లేదు. ఎవరూ ముట్టుకోలేదు. తల దించాను. మంచులో అదే లైటు ప్రతిబింబం. అది కదలడం లేదు. మళ్లీ పైకి చూశాను, ఊగుతోంది. కిందికి చూశాను, బిగుసుకుపోయి నన్నే చూస్తున్నట్టుంది. ఒకే లైటు పైన ఊగుతూ కింద నిలిచి ఎలా ఉంటుంది? నా వెన్నులో చలి పాకింది. ఐస్ రింకులో చలి పాకడం పెద్ద విశేషమేమీ కాదనుకోండి.

“మావా, నడిమి లైటు ఊగుతన్నాది సూడు.”

మావ చూశాడు. “నువ్వే ఊగుతన్నావు అల్లుడూ. పొద్దున్నే ఏటి తాగినావు?”

“టీ.”

“ఏ సీసాలోది?”

జవాబు చెప్పేలోపు పక్కకి పరుగెత్తి వాంతి చేసుకున్నాను. మావ నవ్వు ఆగిపోయింది.

మొదట చూసిన డాక్టర్‌గారు బీపీ, షుగర్, ఈసీజీ అన్నీ తీయించారు. అన్నీ నార్మల్. “ఎప్పుడూ పైకి చూసే పని కదా, మెడ అరిగింది” అని ఎక్స్-రే చూసి, సర్వైకల్ స్పాండిలోసిస్ అని పేరుపెట్టి కాలర్ తగిలించారు. కాలర్ ఉంటే తల ఎత్తలేం. ఎత్తకపోతే తిరగదు. తగ్గిందని నేను, తగ్గించానని ఆయన, ఇద్దరమూ సంతోషించాం.

అమ్మ డయాగ్నోసిస్ వేరు. “ఆ మంచుగదిలో గాలి సోకినాది. ఎల్లొద్దని సెప్తే ఇన్నావా?” అంటూ దిష్టి తీసి మిరపకాయలు నిప్పుల్లో వేసింది. “సూసినావా, ఘాటే రానేదు! ఎంత దిష్టో!” అంది, దగ్గలేక దగ్గుతూ.

కాలర్ తీసేశాక మళ్లీ టవర్ ఎక్కాను. పైకి చేరి, లైటు కోసం తల వెనక్కి వంచానో లేదో, కప్పంతా గిర్రున తిరిగింది. కళ్లు మూసుకున్నా ఆగలేదు. ఏది పైనో ఏది కిందో తెలియలేదు. చేతులు వదిలేశాను. బెల్టు పట్టుకుంది. వేలాడుతూ కళ్లు తెరిస్తే, కింద మంచులో ఇంకొక నేను, మొహం పైకి పెట్టి వేలాడుతున్నాడు. వాడు ఏమైనా మాట్లాడతాడేమోనని భయమేసింది. అదృష్టం, మాట్లాడింది మావ.

“అల్లుడూ, కమ్మీ అట్టుకో! కిందకి సూడకు, పైకీ సూడకు. నా గొంతు ఇంటా ఒక్కో మెట్టూ దిగు.”

దిగాను. మేనేజర్‌గారు ఒడియాలో మర్యాదగానే చెప్పారు. జబ్బు తగ్గిందని డాక్టర్ చెప్పేదాకా టికెట్ కౌంటర్లో కూర్చో, తగ్గకపోతే వేరే పని చూసుకో. నాకు వచ్చిన పని ఒక్కటే, అది ఎత్తులో ఉంటుంది. ఆ రోజు నేను జోకులు వేయలేదు. మావకి అనుమానమొచ్చి రెండుసార్లు నా నుదురు పట్టుకుని చూశాడు.

తర్వాత ఈఎన్‌టీ డాక్టరమ్మ. నా తల ఎడమకి తిప్పి గభాలున వెనక్కి పడుకోబెట్టింది. గది తిరిగిపోయింది. నా కళ్లలోకి చూస్తూ “నిస్టాగ్మస్ వచ్చింది, భలొ” అంది. నా కళ్లు గింగిరాలు తిరుగుతుంటే బాగుందన్న మనిషిని అప్పుడే చూశాను.

“బీపీపీవీ ఇది. లోపలి చెవిలో సన్నటి క్రిస్టల్స్ ఉంటాయి. నీ ఎడమ చెవిలోవి జాగా వదిలేశాయి. తల ఎత్తినప్పుడల్లా అవి దొర్లుతాయి, లోకం తిరిగినట్టుంటుంది. లైటు ఊగడం లేదు బాబూ.”

“ప్రాణానికి ప్రమాదమా?”

“నేల మీద ఉంటే కాదు.”

రీపొజిషనింగ్ మెనూవర్ అని, తల ఇటు తిప్పి, అటు తిప్పి, పక్కకి దొర్లించి, లేపి కూర్చోబెట్టింది. అంతే. పెద్ద ఆపరేషన్‌కి సిద్ధపడి వచ్చినవాణ్ని, కొంచెం నిరాశపడ్డాను. కొన్నాళ్లు స్పాంజి మీద నడిచినట్టుండేది. మరోసారి చేశాక అదీ పోయింది. “ఎక్కొచ్చు” అంది డాక్టరమ్మ.

పనిలోకి వచ్చిన ఉదయం. అదే నీటిపొర, అదే పొగ, అదే లైటు. తల ఎత్తాను. ఊగుతోంది.

గేటు అవతల పుట్టినరోజు పార్టీకి వచ్చిన పిల్లలు స్కేట్స్ కట్టుకుంటున్నారు. జబ్బు తిరగబెట్టిందంటే నా పని పోయినట్టే. జబ్బు కాకపోతే అంత బరువూ వాళ్ల నెత్తిన పడుతుంది.

“మావా, ఊగుతన్నాదా?”

“ఊగుతన్నాది, పాట కూడా పాడతన్నాది” అన్నాడు మావ, తల ఎత్తకుండానే. కొన్నాళ్లుగా నేను ఏది అడిగినా రింకులో అందరిదీ అదే వేళాకోళం.

అప్పుడు కిందికి చూశాను. మంచుకి చెవి లేదు, క్రిస్టల్స్ లేవు. జబ్బున్నన్నాళ్లూ అది నాకు నిజమే చూపించింది. ఈసారి మంచులో లైటు కూడా ఊగుతోంది.

“పిల్లల్ని ఆపండి!” అని అరిచాను.

కరెంటు ఆపి, టవర్ నిలబెట్టి, బెల్టుతో నేనే ఎక్కాను. తల తిరగలేదు. లైటు వేలాడే బోల్టుకి నట్టు చివరి మర దగ్గర ఉంది. నట్టు ఊడకుండా అక్కడ ఒక పిన్ను ఉండాలి. ఆ పిన్ను చిల్లులోంచి తీగ దూర్చి, నాలుగు ఎండుమిరపకాయలు, ఒక వడిలిన నిమ్మకాయ.

“మావా! ఇక్కడ నిమ్మకాయ ఏటి?”

కింద మావ టవర్ బ్రేకు మళ్లీ ఒకసారి తొక్కి చూశాడు.

“మీ యమ్మ ఫోన్ సేసి ఏడ్సినాది అల్లుడూ. లైటుకి గాలి అట్టిందేమోనని, పడవకి కట్టినట్టు కట్టినాను.”

“మరి పిన్ను?”

“సిల్లు ఒకటే ఉన్నాది. రెండూ అట్టనేదు.”

మంచు గడ్డకట్టించే కంప్రెసర్ అదురుకి నట్టు రోజూ కొంచెం కొంచెం వదులైంది. ఊగని లైటుకి మావ చేసిన వైద్యంతో లైటు నిజంగానే ఊగింది. కొత్త పిన్ను వేశాను. నిమ్మకాయ ఇప్పుడు గేటుకి వేలాడుతోంది. అక్కడ దాని వల్ల ఎవరికీ ప్రమాదం లేదు.

ఇప్పుడు బాగున్నాను. నాలాంటివాళ్లకి ఒకే మాట: పక్క మీద దొర్లినప్పుడో తల ఎత్తినప్పుడో లోకం తిరిగితే, ఎత్తు పనులు ఆ క్షణమే ఆపి ఈఎన్‌టీకి చూపించుకోండి.

ఇక వీరగాథ అంటారా, లైట్లన్నిటికీ విన్చి పెట్టించారు. గోడ దగ్గర హ్యాండిల్ తిప్పితే అవే నడుము ఎత్తుకి దిగుతాయి. ఇక ఎక్కే పనే లేదు, ఆ హ్యాండిల్‌కి నెలనెలా నేను గ్రీజు పెట్టాలి, అంతే. ఈ నెలది ఇంకా పెట్టలేదు.