మిట్టమధ్యాహ్నం నేను తిరిగొచ్చిన రాత్రి బజారు

దయ్యాల మీద నాకు నమ్మకం లేదు. చదువుకుని పోగొట్టుకున్న నమ్మకం కాదు, పని చేసి పోగొట్టుకున్నది. నేను ఏసీ మెకానిక్‌ని. జగిత్యాల దగ్గర పల్లె నుంచి వచ్చి సౌదీలో చాలా ఏళ్లుగా ఇదే పని చేస్తున్నాను. ఈ సర్వీసులో నేను పట్టుకున్న దయ్యాలు అన్నీ ఇన్నీ కావు. ఒక క్యాంపులో రోజూ ఏడ్చే ఆడమనిషి అరిగిపోయిన ఫ్యాన్ బేరింగని తేలింది. జెద్దాలోని షరఫియా పేటలో ఒక దర్జీ దుకాణం గోడలో ఎవరో గోకుతున్నారంటే ఏసీ గాలి వెళ్లే డక్టు విప్పి చూశాను. పావురం గూడు పెట్టుకుంది. ఆ దర్జీ అప్పటికే తాయెత్తు కట్టించుకున్నాడు పాపం.

అందుకే ఇప్పుడు చెప్పబోయేదాన్ని కూడా మెషీన్ విప్పినట్టు ఎన్నోసార్లు విప్పి చూసుకున్నాను. బేరింగు దొరకలేదు. దొరికితే ఇది రాసేవాణ్ణే కాదు.

రెండు వేసవుల కిందట నేను జిజాన్‌లో ఉన్నాను. సముద్రం పక్కన పెద్ద ప్లాంటు కడుతున్నారు. అక్కడి ఆఫీసులకూ షెడ్లకూ ఏసీల పని మా కంపెనీది. రియాద్ ఎండ కాలుస్తుంది, జిజాన్ ఎండ ఉడకబెడుతుంది. ఎండాకాలంలో మధ్యాహ్నం పన్నెండు నుంచి మూడు దాకా ఎవరితోనూ ఎండలో పని చేయించకూడదని సౌదీలో నియమం. ఆ మూడు గంటలూ అన్ని దేశాల వాళ్లం ఒకే రేకుల షెడ్డులో పడి ఉండేవాళ్లం. షెడ్డు ఏసీ నేను బాగుచేసిందే కాబట్టి దాని ఎదుట చోటు నాది. నా పక్కన నర్సయ్య మామ. నిర్మల్ వైపు మనిషి, స్కాఫోల్డింగ్, అంటే పరంజాలు కట్టే పని. నాకు చుట్టమేమీ కాదు, సైట్‌లో తెలుగువాళ్లందరికీ ఆయన మామే.

ఆయన పక్కన చెన్. చైనావాడు. క్రేన్ కింద నిలబడి పైన ఆపరేటర్‌కి చేతి సైగలతో దారి చూపించడం అతని పని. నోటికంటే చేతులతోనే ఎక్కువ మాట్లాడేవాడు. కొంచెం హిందీ, కొంచెం అరబీ, కొంచెం ఇంగ్లిష్ కలిపి ఒక భాష తయారు చేసుకున్నాడు. వినగా వినగా మాకు అది బాగానే అర్థమయ్యేది.

సైగల మాట వచ్చింది కాబట్టి ఇంకోటి కూడా చెప్పాలి. ఐదు వేళ్ల కొసలు ఒకచోట చేర్చి, చెయ్యి పైకి తిప్పి నెమ్మదిగా ఆడిస్తే సౌదీలో ‘షువై షువై’ అని అర్థం. కాస్త ఆగు, తొందరపడకు అని. ఇక్కడ కొన్నాళ్లుంటే అది చేతికి అంటుకుపోతుంది. సెలవుకు ఊరెళ్లినప్పుడు జగిత్యాల బస్టాండులో కండక్టర్‌కి ఇదే సైగ చేస్తే అతను నన్ను ఎగాదిగా చూశాడు.

చెన్ భార్య పేరు లిన్. చోంగ్‌చింగ్ అనే మహా పట్నంలో, మెట్ల సందులో, ఎర్ర గొడుగు కింద నూడుల్స్ కొట్టు నడిపేది. అక్కడి గడియారం సౌదీ కంటే ఐదు గంటలు ముందు. మా ఎండ విరామం వాళ్లకు సాయంత్రం. మేం బువ్వ తిని నడుం వాల్చేసరికి లిన్ వీడియో కాల్‌లో పొయ్యి వెలిగిస్తూ కనిపించేది. మేం లేచి బూట్లు కట్టుకునేసరికి ఆ సందులో దీపాలు వెలిగేవి.

అసలు షికారు మాత్రం డ్యూటీ దిగాకే. మేం క్యాంపు బస్సు ఎక్కే వేళకు లిన్ కొట్టు కట్టేసేది. ఫోన్ మెడలో వేలాడదీసుకుని, కెమెరా బయటికి పెట్టి, చుట్టుదారిన ఊరంతా తిరుగుతూ ఇంటికి వెళ్లేది. మొగుడు ఎడారిలో ఉన్నాడు, కాసేపు ఊళ్లో తిరిగినట్టుంటుందని ఆమె ఆలోచన. ఆ పుణ్యాన నేనూ మామా కూడా తిరిగాం. ఒక చిన్న తెర మీదికి మూడు తలకాయలు వంచి రోజూ చైనా చూసేవాళ్లం.

అలాంటి ఊరు నేను కలలో కూడా చూడలేదు. రెండు నదులు కలిసే చోట కొండంతా మేడలు, మేడలంతా దీపాలు. పై అంతస్తు తలుపు తీస్తే అక్కడ ఇంకో రోడ్డు, దాని మీద బస్సులు. రైలు ఒక ఇంటి పొట్టలోంచి దూసుకుపోయేది. ఒక వీధి పొడవునా బార్లే, గిటార్లు పట్టుకుని పాడే కుర్రాళ్లు, బల్లల నిండా సీసాలు. కిందికొస్తే నది ఒడ్డున ముసలమ్మలు పాటలు పెట్టుకుని వరసగా నిలబడి డాన్స్ చేసేవాళ్లు. వాన పడితే ఆ రంగులన్నీ మెట్ల మీద మళ్లీ కనిపించేవి.

“ఇదేం ఊరు అల్లుడా, కింద రోడ్డే, మీద రోడ్డే. తాగినోడు ఇంటికెట్ల వోతడు?” అనేవాడు మామ. బార్ల వీధి వచ్చినప్పుడు మాత్రం నిట్టూర్చేవాడు. “మన నసీబుల సూసుడే ఉన్నది.”

ఆ దారి నాకు కంఠస్థమైపోయింది. నది ఒడ్డు నుంచి మెట్లు, గిరగిరా తిరిగే చారల స్తంభం ఉన్న మంగలి దుకాణం, అది దాటాక కొండలో తొలిచిన పాత సొరంగం. సొరంగంలో బల్లలు వేసి హోటల్ నడుపుతారు. లోపలి నుంచి చల్లగాలి దానంతటదే వస్తుందట. నా పొట్ట కొట్టే ఊరని నవ్వుకున్నాను. సొరంగం పక్కనుంచి ఎడమకు తిరిగితే లిన్ కొట్టు.

వేసవి చివర్లో చెన్ ఒక తప్పు చేశాడు. కాంట్రాక్టు అయిపోతోంది, ఇంటికొస్తున్నానని భార్యకు చెప్పి ఉన్నాడు. ఫోర్‌మన్ ఇంకో ఏడాది ఉండమంటే మొహమాటానికి సంతకం పెట్టేశాడు. మెల్లగా చెబుదాంలే అనుకున్నాడు. ఆమెకు అది మరొకరి నోట తెలిసింది. ఆ మధ్యాహ్నం లిన్ ఫోన్‌లో అరవలేదు, ఏడవలేదు. నాలుగు మాటలు చెప్పి పెట్టేసింది. చెన్ ముఖం పాలిపోయింది. వారం చివర్లో కొట్టు ఎత్తేసి అన్న దగ్గరికి వెళ్లిపోతుందట, వెతుక్కుంటూ రావద్దందట. ఆ అన్న ఎక్కడో దక్షిణాన ఓడరేవు ఊళ్లో ఉంటాడు. చెన్‌తో మాటల్లేవు, ఇల్లెక్కడో కూడా తెలియదు. అంటే ఆమె ఆ సందు వదిలితే ఇక దొరకదు.

ఆ తర్వాత ఫోన్ ఎత్తలేదు. చెన్ దేశం దాటే ఎగ్జిట్ వీసా కోసం ఆఫీసు చుట్టూ తిరిగాడు. పాస్‌పోర్టు వాళ్ల దగ్గరే ఉంటుంది కదా. అడిగినప్పుడల్లా బుక్రా, రేపు అనేవారు. తీరా కాగితం చేతికొచ్చేసరికి ఆమె చెప్పిన రోజు వచ్చేసింది.

“రాజ్ భాయ్, టికెట్ ఆయా. లిన్ ఆజ్ జాయేగా. మై పరసోఁ. ఖలాస్” అన్నాడు నాతో.

ఆమె వెళ్లేది ఇవాళ, తను చేరేది ఎల్లుండి, అంతా అయిపోయింది అని. చెప్పి గోడకు ఆనుకుని కూర్చుని మళ్లీ ఆ నంబరే నొక్కాడు. ఎన్నాళ్లుగానో మా పక్కనే అన్నం తిన్న మనిషి.

ఆ పొద్దున్నంతా నేను ఆఫీసు కప్పు మీద పనిచేశాను. నీళ్లు సరిగ్గా తాగలేదు. ఇది దాచడం లేదు. షెడ్డులోకి వచ్చి, తువ్వాలు తడిపి తలకు చుట్టుకుని, బూట్లతోనే పడుకున్నాను. చెన్ ఫోన్‌లో రింగు మోగుతూనే ఉంది. అది వింటూ ఉన్నాను.

తర్వాత మెట్లు ఎక్కుతున్నాను.

భయం వేయలేదు, ఆశ్చర్యం కూడా వేయలేదు. సన్నగా తుంపర పడుతోంది. మబ్బు పట్టి ముందే చీకటి పడి దీపాలు వెలిగించేశారు. నది మీద పడవలు పచ్చగా, ఎర్రగా మెల్లగా కదులుతున్నాయి. సేఫ్టీ బూట్లు తడిస్తే సాయంత్రం డ్యూటీకి ఎలాగా అనేదొక్కటే నా చింత. జనం నన్ను ఒరుసుకుంటూ పోతున్నారు, ఎవరూ చూడటం లేదు. ఒక కుక్క మాత్రం చూసి, తోక ఊపి, పక్కకు తప్పుకుంది. బార్లలోంచి ఎవరిదో పాట సగం సగం వినిపిస్తోంది. మంగలి దుకాణం స్తంభం తిరుగుతోంది. సొరంగం ముందుకు రాగానే చల్లగాలి తడి తువ్వాలుకు తగిలి ఒళ్లు జల్లుమంది. అంత హాయి నాకు ఆ వేసవి మొత్తంలో తెలియదు. అక్కడే నిలబడిపోవాలనిపించింది. కాని వచ్చిన పని వేరే ఉందని గుర్తొచ్చి ఎడమకు తిరిగాను.

లిన్ స్టూళ్లన్నీ బోర్లించేసింది. గిన్నెలు నీలం పట్టాలో మూట కడుతోంది. కొట్టు మీద ఎర్ర గొడుగు లేదు. ఆకుపచ్చది ఉంది, ఒక అంచు చిరిగి వేలాడుతోంది.

నేను ఎదురుగా నిలబడ్డాను. ఆమె తలెత్తి సూటిగా నన్నే చూసింది. ఏం చెప్పాలి, ఏ భాషలో చెప్పాలి? నోట్లోంచి తెలుగే వచ్చింది. “చెన్ వస్తుండమ్మా. జర ఆగు.” చెయ్యి దానంతటదే లేచింది. ఐదు వేళ్లూ కలిపి ఆడించాను. షువై, షువై.

ఆమె చాలాసేపు నా చేతి వంకే చూసింది. తర్వాత మూట విప్పి ఒక గిన్నె తీసింది. అడుగున మిగిలిన రసంలో నూడుల్స్ వేసి నా ముందు పెట్టింది. ఇచ్చిన పుల్లలతో నాకు తినడం రాలేదు. సిగ్గు విడిచి చేత్తో తిన్నాను. ఎర్రటి కారం, దానితో పాటు నాలుక మొద్దుబారే ఏదో మిరియం. లిన్ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని నవ్వింది. బోర్లించిన స్టూలు ఒకటి మళ్లీ నిలబెట్టి దాని మీద కూర్చుంది.

అంతలో ముఖం మీద నీళ్లు పడ్డాయి. నర్సయ్య మామ బాటిల్ పట్టుకుని నా మీదికి వంగి ఉన్నాడు. “అల్లుడా, లెవ్వు! ఎంత లేపినా లేస్తలేవేందిరా!” షెడ్డంతా నా చుట్టూ మూగింది. లేచి కూర్చున్నాను. నాలుక మొద్దుబారి ఉంది.

సైట్ క్లినిక్‌లో నర్సు చూసి ఎండదెబ్బ అంది. ఒంట్లో ఉప్పు తగ్గితే తిమ్మిర్లు వస్తాయంది. సరైన మాటే. నేనూ అదే అనుకున్నాను.

అయినా ఆ సాయంత్రం బస్సులో చెన్‌తో చెప్పాను. కల వచ్చింది, లిన్ సామాను కడుతోంది, ఆగమని చెప్పాను, ఆకుపచ్చ గొడుగు ఉంది అని. అంతే చెప్పాను. చేత్తో తిన్న సంగతి సిగ్గేసి చెప్పలేదు. చెన్ నవ్వలేదు. ఎర్ర గొడుగే కదా అన్నట్టు ఒకసారి చూసి నా చెయ్యి గట్టిగా పట్టుకున్నాడు. మర్నాడు వెళ్లిపోయాడు.

కొన్ని రోజులు ఏ కబురూ లేదు. ఆమె వెళ్లిపోయి ఉంటుందని, ఇతను ఖాళీ సందులో నిలబడి ఉంటాడని ఊహించుకుంటే అన్నం దిగేది కాదు. ఒక మధ్యాహ్నం విరామంలో నా ఫోన్ మోగింది. తెరమీద చెన్, పక్కన లిన్. నాకు ఏడుపొచ్చింది, అందరి ముందూ ఏడ్చాను కూడా.

మామ ఫోన్ లాక్కుని తన ముఖం పెట్టాడు. లిన్ నవ్వి ఏదో పలకరించింది. తర్వాత ఫోన్ నా వైపు తిరిగింది. ఆమె నవ్వు ఆగిపోయింది. అంతవరకు ఆ కాల్స్‌లో మేం ఆమెను చూడటమే తప్ప ఆమె మమ్మల్ని చూసింది లేదు, మేం చూస్తున్నప్పుడు చెన్ మా వైపు కెమెరా ఆపేసేవాడు. లిన్ కెమెరాకు దగ్గరగా వచ్చి నన్ను కాసేపు చూసింది. చెయ్యి పైకెత్తి ఐదు వేళ్ల కొసలు కలిపి నెమ్మదిగా ఆడించింది.

ఆమె ఏదో చెబుతుంటే చెన్ తన కలగలుపు భాషలో మాకు చెప్పాడు. “తుమ్ ఆయా, బోల్తీ హై. తడి తువ్వాలు సర్ మే. బిగ్ షూ. హాథ్ సే ఖానా.” నేనే వచ్చానట, తలకు తడి తువ్వాలు, కాళ్లకు పెద్ద బూట్లు, వచ్చినవాడు చేత్తో తిన్నాడట.

“తడి తువ్వాలు” అన్నది మా దగ్గర నేర్చుకున్న మాటే. వాళ్ల వెనక ఆకుపచ్చ గొడుగు. ఎర్రది గాలివానకు విరిగిపోయిందట, ఆమె చెన్ ఫోన్ ఎత్తని ఆ వారంలోనే.

“చెన్ జెప్పుంటడు తియ్” అన్నాడు మామ తర్వాత. ఆయనా నాలాంటివాడే, దేన్నీ ఊరికే నమ్మడు. ఆ సైగ చెన్ ఎప్పుడైనా ఫోన్‌లో చేసి ఉండొచ్చు, నిజమే. గొడుగు రంగు కాకతాళీయం కావొచ్చు. నా ముఖం ఏదైనా ఫొటోలో చూసి ఉండొచ్చు. చేత్తో తినడం దగ్గరికి వచ్చేసరికి మామ కూడా ఆగిపోయాడు. ఆ సంగతి నేను ఎవరికీ చెప్పలేదు.

చెన్ మళ్లీ సౌదీ రాలేదు. సంతకం పెట్టిన ఏడాది వదిలేసుకుని భార్యతో కొట్టు నడుపుతున్నాడు. నేనిప్పుడు అల్ ఖోబర్‌లో పనిచేస్తున్నాను. ఆ రోజు ఏం జరిగిందంటే ఇప్పటికీ చెప్పలేను. షెడ్డులో పడుకున్న నన్ను అందరూ చూశారు. సందులో నిలబడ్డ నన్ను ఆమె చూసింది. వాళ్ల మాటా, ఆమె మాటా నమ్ముతాను, రెండూ కలిపి నిలబెట్టడం నాకు చేతకాదు.

దయ్యాలు లేవనే ఇప్పటికీ అంటాను. కాని చోంగ్‌చింగ్ మెట్ల సందులో పక్క కొట్ల వాళ్లకు లిన్ చెప్పుకునే కథ ఒకటుందట. వాన పడే సాయంత్రం, తలకు తడిగుడ్డ చుట్టుకుని వచ్చి, తెలియని భాషలో ఒక మాట చెప్పి, గిన్నె ఖాళీ చేసి మాయమైన మనిషి కథ. ఆ కథలో దయ్యం నేనే.

ఆమెకు నేనంటే భయం లేదని చెన్ చెప్పాడు. మళ్లీ వస్తే చేత్తో తినే అవస్థ ఉండకూడదని కొట్టులో నా కోసం ఒక చెంచా కొనిపెట్టిందట.