మోరల్ సైన్స్ పీరియడ్‌లో లెక్కలు

ఈ ఏడాది మా బడి పత్రికలో నా గురించి ఒక పేజీ వేశారు. శాలువా కప్పుకున్న ఫొటో, దాని కింద నాలుగు పేరాలు. ఆరో తరగతి నుంచి పదో తరగతి దాకా పాఠాలన్నిటినీ ఒక వరసలో పెట్టి, పదో తరగతి ఫలితాలను ఏటేటా పైకి తెచ్చిన మనిషినని రాశారు. స్టాఫ్‌రూమ్‌లో ఆ పేజీ చేతులు మారింది. నేను ఇంటికి తెచ్చి రెండుసార్లు చదివాను. రెండోసారికి నోరు చేదెక్కింది. అందులో అబద్ధం ఒక్కటీ లేదు. అసలు సంగతి కూడా లేదు. అది నేనే రాయాలి.

మాది కాథలిక్ బడి. నేను హిందువుల పిల్లవాణ్ని. మా నాన్న టాటానగర్ రైల్వే యార్డులో పట్టాలు మార్చే పాయింట్స్‌మన్. బాగ్‌బేరా రైల్వే క్వార్టర్లలో పెరిగాను, ఇప్పటికీ బాగ్‌బేరాలోనే ఉంటున్నాను. ఇరవై ఏళ్లకు పైగా లెక్కలు చెబుతున్నాను. చాలా ఏళ్లుగా ఏ తరగతికి ఏ పాఠం, వారానికి ఎన్ని పీరియడ్లు, ఏ నెలకు ఎంత పూర్తికావాలి అన్నది నిర్ణయించే పని కూడా నాదే.

మా దగ్గర ఎనిమిదో తరగతి దాకా అందరికీ ఒకే చదువు. తొమ్మిదిలో రెండుగా చీలుతుంది, సైన్స్ సెక్షన్, కామర్స్ సెక్షన్. పదిలో బోర్డు పరీక్ష. ఆ పరీక్షకు పాత పేపర్లతో నెలల తరబడి తోమాలి కాబట్టి పదో తరగతి పాఠాలు దుర్గాపూజ సెలవులకు ముందే అయిపోవాలి. అందుకని పదిలోవి కొన్ని తొమ్మిదిలోకి నెట్టాను. తొమ్మిదిలోవి ఎనిమిదిలోకి, ఎనిమిదిలోవి ఏడులోకి. బరువంతా వెళ్లి కింది తరగతుల పిల్లల మీద పడింది. వాళ్లకు పీరియడ్లు చాలలేదు.

ఒక వేసవి సెలవుల్లో పెద్ద చార్టు పరుచుకుని, రంగు పెన్సిళ్లతో కూర్చున్నాను. లైబ్రరీని, డ్రాయింగ్‌ని అప్పటికే కొరికేశాను. మిగిలింది వారానికి రెండు మోరల్ సైన్స్ పీరియడ్లు. దాన్ని తీసేయడానికి లేదు. ఎవరైనా పెద్దలు బడి చూడ్డానికి వస్తే ప్రిన్సిపాల్ ఫాదర్ ముందుగా చూపించేది దాన్నే. అందుకని చార్టులో దాన్ని ఆకుపచ్చ రంగులో అలాగే ఉంచాను. ఆ పీరియడ్లలో ఏడు, ఎనిమిది తరగతులకు ఆల్జీబ్రా పెట్టాను. పాతవి మళ్లీ చెప్పడం కాదు, కొత్త పాఠాలు. సమీకరణాలు, కారణాంకాలు, పైతరగతుల్లో అడుగడుగునా కావలసినవన్నీ అక్కడే.

కాథలిక్ పిల్లలకు మోరల్ సైన్స్ ఉండదు. అదే సమయంలో వాళ్లు కేటకిజానికి, అంటే తమ మతపాఠానికి, చాపెల్ పక్కనున్న చిన్న గదికి వెళతారు. ఒక సిస్టర్ చెబుతుంది. ఒక్కో సెక్షన్‌లో ఏడెనిమిది మంది. ఎక్కువమంది హో, ఉరావ్ ఆదివాసీ కుటుంబాల పిల్లలు, ఎక్కడో ఒకరిద్దరు మన తెలుగువాళ్లు. క్లాసులో ఆల్జీబ్రా నడుస్తుంటే వాళ్లు అక్కడ ఉండరన్నది నాకు తెలియక కాదు. చార్టు గీసిందే నేను. స్నేహితుల దగ్గర రాసుకుని నేర్చుకుంటారులే అనుకున్నానని ఇన్నాళ్లూ నాకు నేను చెప్పుకున్నాను. అదీ నిజం కాదు. ఏడెనిమిది మందే కదా అనుకున్నాను. అంతే.

ఎనిమిది చివర పరీక్ష పెట్టి, లెక్కలు, సైన్స్ మార్కులను బట్టి సెక్షన్లు విడగొడతాం. ఏ ఏడు చూసినా కాథలిక్ పిల్లల్లో దాదాపు అందరూ కామర్స్‌లోనే తేలేవారు. చర్చి నడిపే బడిలో చర్చి పిల్లలకే సైన్స్ సెక్షన్‌లో చోటు దొరకడం లేదంటే, ఏమిటిది అని ఒక్కరూ అడగలేదు. సెక్షన్ల జాబితా తయారయ్యే రోజు స్టాఫ్‌రూమ్‌కి సమోసాలు వస్తాయి. ఒక ఏడాది ఒక టీచరు నోటినిండా సమోసా పెట్టుకుని, వాళ్లకి హాకీ ఇచ్చాడు, పాట ఇచ్చాడు, ఇంకా లెక్కలు కూడా ఎందుకిస్తాడు దేవుడు అన్నాడు. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. నా చేతిలోని సమోసా నుంచి పచ్చ చట్నీ జారి జాబితాలో ఒక పేరు మీద పడింది. వేలితో తుడిచి, ఆ వేలు నాక్కున్నాను. ఎవరి పేరో చూడలేదు. అది తలుచుకుంటే ఇప్పటికీ నా వేలు నాకే రోతగా ఉంటుంది.

మా ఇంటికి రెండు సందుల అవతల ఒక తెలుగు కుటుంబం ఉంది. శ్రీకాకుళం వైపు నుంచి తాతల నాడే వచ్చిన కాథలిక్కులు. తండ్రి రైల్వేలో ట్రాక్‌మన్, తల్లి ఇంట్లోనే మిషన్ మీద జాకెట్లు కుడుతుంది. వాళ్లకు ఒక్కతే కూతురు, మా బడిలోనే. తండ్రికి భోజనం క్యారేజీ పట్టుకెళ్లిన రోజు యార్డులో ఇంజన్ కిటికీలోంచి ఒక ఆడమనిషి తొంగిచూడడం ఆ పిల్ల కంటపడింది. అప్పట్నుంచి తనూ ఇంజన్ నడపాలని పట్టు. దానికి ముందు పాలిటెక్నిక్ చదవాలని, పాలిటెక్నిక్ కావాలంటే పదిలో సైన్స్ ఉండాలని తనే కనుక్కుంది. దారిలో కలిస్తే నేను తెలుగులో పలకరించేవాణ్ని, తను హిందీలో ఈ సంగతులన్నీ చెప్పేది.

ఆ పిల్ల ఎనిమిదిలో ఉండగా ఒకరోజు కేటకిజం సిస్టర్ ఒక నోటుపుస్తకం పట్టుకుని నా దగ్గరికి వచ్చింది. పిల్ల బైబిలు కింద దాన్ని దాచుకుని లెక్కలు చేసుకుంటోందట. సిస్టర్‌కి కోపం లేదు, అర్థంకాలేదు, అంతే. అట్ట మీద మోరల్ సైన్స్ అని ఉంది. అది క్లాసులో ఆ పిల్ల పక్కన కూర్చునే స్నేహితురాలిది. తనిఖీకి చూపించడానికని మొదటి పేజీల్లో నిజాయితీ, విధేయత అని శీర్షికలు పెట్టి చెప్పి రాయించినవి ఉన్నాయి. అక్కణ్నుంచి చివరిదాకా ఆల్జీబ్రా. మోరల్ సైన్స్‌లో ఇదేమిటి సార్ అని సిస్టర్ అడిగింది. పాత లెక్కలు మళ్లీ చేయిస్తుంటే ఎవరో పుస్తకం మార్చి రాసుకున్నారని చెప్పాను. నమ్మి వెళ్లిపోయింది.

నేను ఆ పుస్తకాన్ని నా బల్ల సొరుగులో పెట్టి తాళం వేశాను. అది బయట తిరిగితే నా ఆకుపచ్చ గళ్ల గుట్టు బయటపడుతుంది. ఇంకొకరి పుస్తకం తెచ్చుకుందని ఆ పిల్లను ఒక పీరియడంతా క్లాసులో నిలబెట్టాను. స్నేహితురాలు భయపడి కొత్త పుస్తకం కొనుక్కుంది, మళ్లీ ఎవరికీ ఇవ్వలేదు. ఆ పిల్లకు ఉన్న ఒక్క దారీ నా సొరుగులో పడింది.

ఏడాది చివర కొద్ది మార్కుల తేడాతో ఆ పిల్లకు సైన్స్ సెక్షన్ పోయింది. మర్నాడు తల్లి మా ఇంటికి వచ్చింది. కుర్చీ వేస్తే కూర్చోలేదు.

"మా పిల్ల పుస్తకం వదలదు బాబూ. మరి లెక్కల్లో ఎందుకు ఎనకబడిపోనాదో మీకే తెలవాల. ఏటి లోటు?"

తొమ్మిదిలో చేరగానే ఎవరు ఏ సబ్జెక్టులో రాసి బోర్డుకి పేర్లు పంపాలి, దానికి ఇంకా రెండు వారాల గడువుంది. నేను ఫాదర్‌తో ఒక్క మాట అంటే ఆ పిల్లకు మళ్లీ పరీక్ష పెట్టేవారు. కానీ ఎందుకు పెట్టాలో చెప్పాల్సి వచ్చేది.

"కొందరికి లెక్కల బుర్ర ఉండదమ్మా. కామర్స్ మాత్రం తక్కువా?" అన్నాను.

"మీరే సెప్పినాక ఇంకేటుంది," అని వెళ్లిపోయింది.

రెండు వారాలకు బోర్డుకి పంపే జాబితా నా ముందుకే వచ్చింది. ఆ పిల్ల పేరు ఎదురుగా కామర్స్ సబ్జెక్టులు సరిగా ఉన్నాయో లేదో చూసి, నా పెన్నుతోనే టిక్కు పెట్టాను.

ఇది జరిగి దాదాపు రెండేళ్లు. ఆ పిల్ల ఇప్పుడు పదిలో ఉంది. పత్రికలో నా పేజీ వచ్చిన వారం సొరుగు తెరిచి ఆ నోటుపుస్తకం బయటికి తీశాను. ఆదివారం, వాళ్లు చర్చి నుంచి వచ్చే వేళ చూసుకుని వాళ్లింటికి వెళ్లాను. తండ్రి డ్యూటీలో ఉన్నాడు. తల్లి అప్పుడే మిషన్ ముందు కూర్చుంది. చార్టు సంగతి, ఆకుపచ్చ పీరియడ్ల సంగతి, సొరుగు సంగతి వరసగా చెప్పాను. సగంలో మిషన్ ఆపింది. సూది కింద గుడ్డ అలాగే ఉంది.

"మీరు బుర్ర లేదన్న రోజు ఇంటికొచ్చి దాన్ని కొట్టినాను బాబూ. సదూతన్నానని నాకు అబద్దాలు సెప్తంది అనుకున్నాను. సదూతన్నానమ్మా, సదూతన్నానమ్మా అనే ఏడిసింది."

ఇప్పుడు సైన్స్‌కి మారడానికి వీలుంటుందా అని అడిగింది. ఒకసారి బోర్డుకి వెళ్లాక సబ్జెక్టులు మారవని చెప్పాను.

"మరెందుకు సెప్పడానికొచ్చినారు?"

మనసు తేలికపడుతుందని వెళ్లానని ఆ ప్రశ్న వినేదాకా నాకే తెలియదు. చెడ్డపని చేసినవాడు దాన్ని తెచ్చి వాళ్ల గుమ్మంలోనే దించి పోవడం కూడా రోతపనే.

పిల్ల లోపలి గది తలుపు దగ్గర నిలబడి అంతా విన్నది. పుస్తకం తన ముందుకు చాపాను. అందుకోలేదు.

"యే కాపీ మేరీ నహీ హై, సర్. జిస్‌కీ హై, ఉసీ కో దీజియే."

ఆ పుస్తకం తనది కాదు, ఎవరిదో వాళ్లకే ఇమ్మంది.

సోమవారం పొద్దున ఫాదర్ బల్ల మీద రెండు చార్టులు పరిచాను. ఒకటి గోడ మీద వేలాడేది, రెండోది నిజంగా నడిచేది. ఆయన చాలాసేపు చూశారు. ఈ ఏడు ఫలితాలు రానీయండి, అప్పుడు మాట్లాడదాం, అందాకా ఇది బయట అనకండి అన్నారు. నాకు ఆయన మీద కోపం రాలేదు. ఆ గొంతులో నాకు వినిపించింది నేనే. ఆ మధ్యాహ్నమే ఆల్జీబ్రాను మోరల్ సైన్స్ నుంచి తీసి అందరూ ఉండే పీరియడ్లలోకి మార్చాను. ఇక ఏ ఏడూ పూజ సెలవులకు ముందు పదో తరగతి పాఠాలు అయిపోవు. ఫలితాలు దిగుతాయి. పత్రికలో దానికీ ఒక పేజీ వేస్తే బాగుండును.

తర్వాత పీరియడ్ పది సైన్స్ సెక్షన్‌లో. ఆ స్నేహితురాలు రెండో వరసలో కూర్చుంటుంది. పుస్తకం తన బల్ల మీద పెట్టాను. అట్ట చూడగానే గుర్తుపట్టింది. నాలుగు పేజీలు తిప్పి తలెత్తింది. ఇప్పుడు నా ఫ్రెండుకి ఇవ్వొచ్చా సార్ అని మెల్లగా హిందీలో అడిగింది.

ఇవ్వమన్నాను. ఎనిమిదిలో ఈ స్నేహితురాలు నన్ను అడగకుండానే ఇచ్చింది. లాక్కున్నది నేను.