గోదావరి ఇసుకలో నాలుగు పసుపు రవ్వలు

ఈ ప్రయాణానికి కారణం నా నోటి దురుసు. భూమి లోతుల్లో వేడినీళ్లు రాతి పగుళ్లలో బంగారాన్ని పేరుస్తాయని, ఆ రాళ్లు అరిగితే నదులు దాన్ని మోసుకొస్తాయని ఒక చిన్న పుస్తకంలో చదివాను. రెండు వారాల క్రితం రాజమండ్రిలో జాలరి సత్తెయ్య పడవ మీద కూర్చుని పళ్లెంలో ఇసుక కడిగితే నాలుగు పసుపు రవ్వలు మిగిలాయి. చేపలు పడక అతను ఆ పడవ అమ్మేసి, ఊళ్లు తిరిగి చేపలమ్మడానికి పాత మోపెడ్ కొనుక్కుందామనుకుంటున్నాడు. "అమ్మావంటే ఊరుకోను! ఈ నది మీది, ఇందులో బంగారమూ మీదే" అని అరిచాను. పాపం, నమ్మాడు. కొనేవాణ్ణి ఆగమన్నాడు.

శనివారం ఉదయం ఆరున్నరకి మండపేటలో బస్సెక్కాను. టిక్కెట్టు పదిహేను రూపాయలు. ధాన్యం లారీల వెనకపడి గంటంబావు పట్టింది. రాజమండ్రి బస్టాండులో సత్తెయ్య ఉతికిన చొక్కాతో నిలబడున్నాడు.

"బంగారం కొట్టుకి కదా బాబూ, మరి!"

బంగారప్పనివాళ్ల సందులో వీరాచారిగారు ఒక రవ్వని దాగలి మీద పెట్టి సుత్తితో తట్టారు. పొడి కాలేదు, రేకులా సాగింది. "చూశావా, అభ్రకమైతే పొడైపోయేది!" అన్నాను సత్తెయ్యతో. ఆచారిగారు మిగిలినవాటిని భూతద్దం కింద పెట్టారు.

"ఎక్కడ కడిగారండి?"

చెప్పాను. ఆయన నవ్వారు. "మా సందు మురుక్కాలవ కలిసేది అక్కడేనండి. ఆ బురద కడుక్కుని బతికే జలగరోళ్లు ఈ నాలుగూ మీకు వదిలేసినట్టున్నారు."

"భూగర్భశాస్త్రం గురించి మీకేం తెలుసండి?" అని లేచాను.

"తెలీదండి. నా ఆకురాయి తెలుసు. నది తెచ్చిన రవ్వ దొర్లి దొర్లి అంచులు మొద్దుబారుతుంది. ఇది చూడండి, మెలి తిరిగిపోయింది. నగని ఆకురాయితో రాస్తే రాలిన పొడి."

చూశాను. మెలి తిరిగే ఉంది.

"అయితే బంగారమేనా, కాదా బాబూ?" అన్నాడు సత్తెయ్య.

"బంగారమే. నదిది కాదు."

పడవ కొంటానన్న మనిషి ఇంటికి ఆటోలో వెళ్లాం. ఆయన నిన్ననే వేరే పడవ కొనేశాడట. "ఎన్నాళ్లని ఆగనయ్యా?" అన్నాడు. సత్తెయ్య తలూపాడు. నన్ను ఒక్క మాటంటే బాగుండేది. "ఎండగా ఉంది, మీరు బస్సెక్కెయ్యండి బాబూ" అన్నాడు.

అన్యాయాలన్నిటి మీదా అరిచే నేను, ఆ బస్సులో ఎవరి మీద అరవాలో తెలీక కూర్చున్నాను. నేను చదివింది తప్పు కాదు. దాన్ని ఇంకొకడి బతుకు మీద పరీక్షించాను. మీరూ ఇసుక కడగడానికి వెళ్తే సుత్తి దెబ్బతో సరిపెట్టుకోకండి. భూతద్దంతో రవ్వ అంచులు చూడండి, ఎగువన ఏ కాలవ కలుస్తోందో ఒడ్డు వెంట నడిచి చూసుకోండి. అప్పటిదాకా పడవవాడికి ఏమీ చెప్పకండి.